తీసిన చోటు తుడవండి

టెలిఫోన్ బూత్ మాయమైంది!

నిన్న సాయంత్రం దాకా వీధి మలుపులో నిటారుగా నిలబడి ఉన్న ఎర్ర బూత్ అది. మనిషి కంటే ఎత్తు, చుట్టూ అద్దాలు. ఇప్పుడు అక్కడ నాలుగు బోల్టు కన్నాలు మాత్రం మిగిలాయి.

"దానికేమైనా కాళ్ళొచ్చాయా?" నగరపాలక సంఘం ఇంజనీరు గొంతు చించుకున్నాడు. వెనక ఖాళీ లారీ సిద్ధంగా ఉంది. "ఏమయ్యా హెడ్డూ! పన్నెండులోగా అది నా లారీ ఎక్కాలి. లేదంటే నీ మీద రిపోర్టు రాస్తాను!"

హెడ్ కానిస్టేబుల్ గడియారం చూసుకున్నాడు. పదీ పది.

ఊళ్ళోని పాత బూత్‌లన్నీ తుక్కు కింద ఎత్తేయాలని నగరపాలక సంఘం తీర్మానం. గడువు ఈ రోజు మధ్యాహ్నం పన్నెండు. ఆలోగా ఎత్తని బూత్ ఆ వీధి వాళ్ళదే.

ఈ బూత్‌లో ఫోను మూగబోయి చాలా ఏళ్ళయింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన ఆపరేటరమ్మ అందులో అరలు కొట్టించి పుస్తకాలు పేర్చింది. రిసీవరు కొక్కేనికి ఒక కళ్ళజోడు తగిలించింది, ఇంట్లో మరిచిపోయి వచ్చినవాళ్ళ కోసం. లాండ్రీ ఆయన యాభయ్యో ఏట అక్షరాలు నేర్చుకున్నది అక్కడే. తలుపు మీద ఆవిడ చేతిరాతతో ఒక అట్టముక్క: "తీసిన చోటు తుడవండి." మాట వినకపోతే పెద్దా చిన్నా చూడదు, నాలుగు దులిపేస్తుంది.

హెడ్డు మోకాళ్ళ మీద కూర్చుని నేల పరీక్షించాడు. కన్నాల చుట్టూ నలక లేదు. దొంగ ఎవరో గానీ శుభ్రంగా ఊడ్చి, తడిగుడ్డ పెట్టి మరీ వెళ్ళాడు.

హెడ్డు మొహం మారిపోయింది.

"ఏం దొరికింది?" ఇంజనీరు ఆత్రంగా అడిగాడు.

"ఏమీ లేదు సార్. వాంగ్మూలాలు తీసుకోవాలి. పద్ధతి ప్రకారం."

స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. కలం మూత నింపాదిగా తీశాడు.

ముందు లాండ్రీ ఆయన. "నా కొట్టు షట్టరే నేనొక్కణ్ణి ఎత్తలేను. బూత్ ఎత్తుతానా బాబూ?"

"షట్టరు బరువెంత?" హెడ్డు రాసుకున్నాడు.

లాండ్రీ పక్క సందుకి అడ్డంగా తెల్లటి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. సన్నగా తుంపర మొదలైంది. వాటిని ఎవరూ తీయలేదు. హెడ్డు ఆ సంగతి చూశాడు గానీ, రాయలేదు.

తర్వాత మంగలి షాపాయన. "పొద్దున్నే కత్తెర చప్పుడు తప్ప ఇంకేం వినలేదండీ."

"కత్తెర చప్పుడు ఎలా ఉంటుంది? వివరంగా చెప్పు."

ఇంజనీరు తల పట్టుకున్నాడు. పదకొండూ ఇరవై.

ఆపరేటరమ్మ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "అడగండి హెడ్డుగారూ."

"మీ వయసు?"

"ఆడవాళ్ళని వయసు అడగమని మీ అమ్మ నేర్పిందా?"

వీధి వీధంతా కిసుక్కుమంది. హెడ్డు చెవులు ఎర్రబడ్డాయి. "ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, మా అబ్బాయీ. చేసేది రాతకోతల ఉద్యోగం. పొద్దున్న ఏమీ తినకుండా పరుగెత్తాడు. ఎక్కడ కళ్ళు తిరిగి పడతాడోనని నా బెంగ."

మళ్ళీ నవ్వులు. ఇంజనీరు ఎగిరి గంతేశాడు. "నాకు ఆ కొడుకు మీదే అనుమానం! వాణ్ణి పట్టుకురా!"

"వాడెక్కడికీ పోడు సార్," అన్నాడు హెడ్డు తల దించుకుని. "తెల్లవారుజామున ఏం చేస్తున్నారమ్మా?"

"ఊడుస్తున్నాను."

ఎక్కడ అని అడగాలి. హెడ్డు అడగలేదు. పేజీ తిప్పాడు.

పన్నెండుకి ఆరు నిమిషాలుంది. ఇంజనీరు నెత్తి మీద చినుకులు తుడుచుకుంటూ చుట్టూ చూశాడు. "వాన పడుతుంటే ఆ దుప్పట్లు తీయరేంటి?" అంటూ సందు వైపు నడిచాడు.

వీధిలో నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. లాండ్రీ ఆయన మొహం దుప్పట్ల కంటే తెల్లగా పాలిపోయింది.

"సార్!" హెడ్డు కేక పెట్టాడు. "ఫిర్యాదీ మీరే కదా. ప్రతి పేజీ మీదా మీ సంతకం కావాలి. లేకపోతే కేసు నిలబడదు."

ఇంజనీరు పళ్ళు నూరుతూ వెనక్కి వచ్చాడు. పద్నాలుగు పేజీలు. మూడో పేజీలో సిరా ఆగింది. హెడ్డు కలం విదిలించాడు, పాళీ తుడిచాడు, ఊదాడు, మళ్ళీ ఇచ్చాడు. పదమూడో సంతకం మీద ఉండగా బడిగంట గణగణమని మోగింది.

పన్నెండు!

లాండ్రీ ఆయన ఒక్క గుంజు గుంజాడు. దుప్పట్ల వెనక ఎర్ర బూత్, చెక్కుచెదరకుండా. లోపల కొక్కేనికి కళ్ళజోడు ఇంకా ఊగుతోంది. వీధంతా ఈలలు, చప్పట్లు.

ఇంజనీరు బూత్‌ని ఎగాదిగా చూసి, చివరికి పగలబడి నవ్వేశాడు. "సరే, గడువు దాటింది. బూత్ మీదే. రిపోర్టూ లేదు, ఏమీ లేదు. కానీ ఒక్కటి చెప్పవయ్యా. నేల చూడగానే నీ మొహం మారింది. దొంగ ఎవరో నీకప్పుడే తెలుసు. ఎవరు?"

హెడ్డు పుస్తకం మూసి, టోపీ సర్దుకుని, తడిసిన దుప్పట్లు మడతపెడుతున్న ఆపరేటరమ్మ వైపు చూపించాడు.

"మా అమ్మ, సార్."