నునుపు

తన కొంప ముంచింది కర్రతాతేనని మేస్త్రీ కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు.

లేత్ షాపు ముందు బల్ల మీద రోజూ వచ్చి కూర్చునే కుంటి ముసలాడు. పేరెవరికీ తెలియదు. చేతిలో కర్ర ఉంది కాబట్టి కర్రతాత.

మేస్త్రీ కూతురి చెవిలో ఊదింది ఆయనే.

"ఒంట్లో పెట్టే లోహాల చదువుందమ్మా. విరిగిన ఎముకలకి, అరిగిన కీళ్ళకి. యూనివర్సిటీలో నేర్పుతారు. చేరు."

అమ్మాయి చేరింది. షాపు వెనకాల రెండున్నర సెంట్ల స్థలం ఫీజుల కింద హారతి కర్పూరమైంది.

నాలుగేళ్ళయినా ఉద్యోగం లేదు.

"డాక్టరూ కాదు, ఇంజనీరూ కాదు. రెంటికీ చెడ్డ రేవడిని చేశావు కదయ్యా నా కూతుర్ని!"

"ఓపిక పట్టు మేస్త్రీ."

ఇక మిగిలిన ఆశల్లా ఎముకలో బిగించే పన్నెండు టైటానియం పిన్నులు. కీళ్ళు తయారుచేసే కంపెనీవాళ్ళు సోమవారం వచ్చి వాటిని పరీక్షిస్తారు. నెగ్గితే ఉద్యోగం. పోతే ఇంటిదారి. లోహం వాళ్ళిచ్చిందే, మళ్ళీ ఇవ్వరు.

పిన్నులు తండ్రే తన లేత్ మీద తీశాడు. అమ్మాయి వాటిని యూనివర్సిటీ ల్యాబుకి పట్టుకెళ్ళి, పని పూర్తిచేసి శనివారం పొద్దున తిరిగి తెచ్చింది.

"నీ మైక్రోమీటరుతో ఒకసారి కొలిచి రాసిపెట్టు నాన్నా," అని డబ్బా ఇచ్చి లైబ్రరీకి వెళ్ళింది.

మేస్త్రీ డబ్బా తెరిచాడు.

తళతళలాడేలా తానిచ్చిన పిన్నులు బూడిదరంగుకి తిరిగి, ఉప్పుకాగితంలా గరుగ్గా ఉన్నాయి.

"నాశనం చేసింది! మనిషి ఒంట్లోకి పోయేది ఇలాగా ఉండేది? అద్దంలా ఉండొద్దూ!"

పాలిష్ చక్రం తిప్పాడు.

బల్ల మీంచి కర్రతాత గబుక్కున లేచాడు.

"ముట్టుకోకు మేస్త్రీ! గరుకుంటేనే ఎముక పట్టుకుంటుంది."

"పట్టుకోడానికి ఎముకకేమైనా గోళ్ళున్నాయా?"

"నా మాట విను. నేనూ ఒకప్పుడు..."

"ఒకప్పుడు అందరూ మహారాజులే! ముప్ఫయ్యేళ్ళుగా లేత్‌తో కాపురం చేస్తున్నా. నునుపంటే ఏమిటో నువ్వా నాకు చెప్పేది?"

తాత సంచిలోంచి గుడ్డమూట తీశాడు.

"ఇది చూడు. చూశాక నీ ఇష్టం."

మేస్త్రీ విప్పనైనా విప్పలేదు. మూటని తుక్కు డ్రమ్ములోకి గిరాటేశాడు. బల్లని లోపలికి లాగేశాడు.

"మళ్ళీ ఈ గుమ్మం తొక్కావో, ఆ కర్ర విరుగుతుంది!"

తాత కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి పన్నెండు పిన్నులూ అద్దాల్లా మెరిశాయి.

అమ్మాయి వచ్చి డబ్బా చూసింది. ఒక్కో పిన్నూ తీసి వేలితో రుద్ది చూసింది.

"ఆ గరుకు నేను చేసిందే నాన్నా... నాలుగు నెలలు. ఎముక పెరిగేది అందులోకే."

మేస్త్రీ ఉప్పుకాగితం అందుకున్నాడు.

"మళ్ళీ గరుకు చేద్దామమ్మా. రేపంతా కూర్చుంటా."

"అరిగాయి కదా. వెంట్రుకవాసి తగ్గినా తీసుకోరు."

అరిగిన లోహం మళ్ళీ పెరగదని ఆయనకొకరు చెప్పాలా?

"తాతగారైనా చెప్పలేదా? ఆయనకి తెలుసే!"

"చెప్పాడు. ఏదో మూట కూడా..."

మేస్త్రీ డ్రమ్ము బోర్లించాడు. ఇనప రజను వేళ్ళని కోస్తున్నా వెతికి మూట విప్పాడు.

ఒక లోహపు గుండు. దానికి జానెడు కాడ. అంత నునుపైన పని ఆయన జన్మలో చూడలేదు. కాడ మీద తన మొహమే కనబడింది.

అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుంది.

"మా మొదటి పాఠం దీని ఫోటో చూపించే చెప్పారు నాన్నా. తుంటి కీలు. ఎముక పట్టుకోక రెండేళ్ళకే వదులైపోయింది. మూడుసార్లు కోశారు. అయినా ఆ మనిషి మళ్ళీ తిన్నగా నడవలేదు."

మేస్త్రీ ఒక్క పరుగున సందు చివరి గదికి పోయాడు. తాళం వేసి ఉంది.

"మధ్యాహ్నమే ఖాళీ చేశాడు. ఎక్కడికో చెప్పలేదు," అంది ఇంటామె.

తిరిగొచ్చేసరికి అమ్మాయి ఆ కీలుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇంత నునుపు ఎవడు పట్టాడే దీనికి?" అన్నాడు మేస్త్రీ.

"తాతగారే నాన్నా. పాఠంలో చెప్పిన మనిషి అప్పట్లో మా యూనివర్సిటీ వర్క్‌షాపులో లేత్ మేస్త్రీ. మనిషి ఒంట్లోకి పోయేది అద్దంలా ఉండాలని, తన తుంటిలో పెట్టబోయే కీలుకి తానే మూడు రోజులు పాలిష్ పట్టుకున్నాడట."