కంచె గుంజ మీద మూట

"అందులో ఉల్లిపాయ పెడుతున్నావేంటి వదినా?"

నెట్టీ వంటింటి గుమ్మంలో నిలబడే అడిగింది. ఆర్డెల్లా తల ఎత్తలేదు. మొక్కజొన్న రొట్టె, ఉడికిన చిక్కుడు గింజలు, పంది మాంసం వేపుడు. వాటి పక్కన ఒలిచిన పచ్చి ఉల్లిపాయ. అన్నీ రేకు డబ్బాలో సర్ది గళ్ల గుడ్డలో మూట కడుతోంది.

"మా ట్రాయ్ ఉల్లిపాయ వాసనకే లేచి వెళ్లిపోయేవాడు కదా?"

"ఇప్పుడు తింటున్నాడు. డబ్బా ఖాళీగా వస్తోంది. కుక్కలైతే ఉల్లిపాయ వదిలేస్తాయిగా."

నెట్టీ మొహం పక్కకి తిప్పుకుంది. "పాడు పొయ్యి, ఒకటే పొగ" అంటూ కళ్లు తుడుచుకుంది.

పొయ్యి ఆరిపోయి చాలాసేపయింది. ఆర్డెల్లా ఆ మాట అనలేదు. ఆడపడుచు తప్పు పట్టుకోవడానికి అంతకన్నా మంచి అవకాశాలు రోజుకి నాలుగు దొరుకుతాయి.

అమెరికాలో ఆ కరోలినా కొండల్లో సారా కాయడం నేరమని ప్రభుత్వం అనుకునేది. కొండవాళ్లు అనుకునేవారు కాదు. శుక్రవారం దీపాలార్పుకుని సారా దాటించిన కారే, ఆదివారం మధ్యాహ్నం పందెంలో దిగేది. మొదట్లో ఎవరి బండికి జోరెక్కువో తేల్చుకోవడానికి ఆవుల బీడులో గుండ్రంగా తిప్పుకునేవారు. తరవాత బీడుకి కంచె వచ్చింది. కంచెకి టికెట్టు వచ్చింది. సూటేసుకుని నియమాలు చదివే పెద్దమనుషులు వచ్చారు. ఆర్డెల్లా కొడుకు ట్రాయ్ నల్ల ఫోర్డు కారు మాత్రం మారలేదు. ఎర్రమట్టిలో వాడు మలుపు తిప్పుతుంటే పాస్టరుగారు కూడా బెంచీ ఎక్కి, కీర్తన కానిదేదో అరిచారని చెప్పుకునేవారు.

పోయిన ఆకురాలు కాలంలో కడుపులో రాళ్లు తీయించుకోవడానికి ఆర్డెల్లా పట్నం ఆసుపత్రిలో పడుకుంది. తిరిగొచ్చేసరికి కొడుకు ఇంట్లో లేడు.

"ఎక్సైజు వాళ్లు వెంటపడ్డారు" అన్నాడు హోబర్ట్, భార్య మొహం చూడకుండా. "కొండవతల ఉన్నాడు. ఇంటికి రాలేడు. సందెవేళ కారులో ఇటు పోతాడు. నువ్వు మాత్రం గేటు దగ్గరికి వెళ్లకు. వాణ్ణి చేతులారా పట్టిస్తావు."

"కనీసం తిండన్నా పెట్టనీ."

హోబర్ట్ చాలాసేపు ఆలోచించాడు. "కంచె గుంజ మీద పెట్టు. తీసుకుంటాడు."

అప్పటినుంచీ అదే వరస. మసక చీకట్లో దీపాలు లేని ఫోర్డు వస్తుంది. గుంజ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది. వెళ్లిపోతుంది. తెల్లారి ఖాళీ డబ్బా గుంజ మీదే ఉంటుంది. ఆ డబ్బా ఖాళీ అవడం తప్ప ఆర్డెల్లాకి ఈ లోకంలో ఇంకేం అక్కర్లేదు.

హోబర్ట్ సంగతే వేరు. చలికాలమంతా పగలు షెడ్డులో నలిగిన రేకు సాగగొడుతూ కూర్చున్నాడు. ఏం చేస్తున్నావంటే ట్రాక్టరన్నాడు. బల్ల దగ్గరికి పిలిస్తే కంచం పక్కకి జరిపేవాడు. ప్యాంటు జారకుండా తాడు కట్టుకునే దాకా వచ్చింది.

ఇవాళ పొద్దుటినుంచీ వాన. హోబర్ట్ దగ్గుకుంటూ లోపలికొచ్చాడు.

"ఇంత రొట్టె తినవయ్యా" అంది ఆర్డెల్లా.

"ఆకల్లేదే."

"గాలితో బతకడానికి నువ్వేమన్నా కారు టైరువా?"

హోబర్ట్ నవ్వబోయాడు. దగ్గొచ్చింది. కొక్కేనికున్న టోపీ తీసుకున్నాడు. "ఆవుని చూసొస్తా."

"ఈ వానలోనా?"

"వాన పడుతోందని ఆవుకి ఎవరు చెబుతారు?"

తలుపు మూసుకుంది. దగ్గు పెరడు దాటి కొండ దారి పట్టింది.

ఆర్డెల్లా మూట మళ్లీ విప్పింది. తేనె, అల్లం, వాటి మీద ఇంటి సారా ఒక గుక్కెడు కలిపి చిన్న సీసాలో పోసింది. ఒలకకుండా గుడ్డ చుట్టి రొట్టె పక్కన ఇరికించింది.

"మందెవరికి?" అంది నెట్టీ.

"వానలో తిరిగేవాడికి. జలుబు చెయ్యదూ?"

నెట్టీ కుర్చీలో కూలబడింది. "వదినా, నీకో మాట చెప్పాలి. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆ ఆదివారం పందెంలో..."

"పందేల కబుర్లు నాకెందుకమ్మా? ఆ గొడుగిలా అందుకో."

నెట్టీ అందించింది. ఆర్డెల్లా వెళ్లి మూట గుంజ మీద పెట్టి, తడవకుండా పైన రేకు బోర్లించి వచ్చింది. కిటికీ తెర వెనక నిలబడింది. దీపం ఆర్పేసింది.

ఫోర్డు వచ్చింది. రోజూ కన్నా ఎక్కువసేపే ఆగింది. వాన చప్పుడులో ఇంజను మూలుగు ఒక్కటే వినపడింది. చూస్తూ చూస్తూ ఆర్డెల్లా నడుముకి కట్టుకున్న వంటగుడ్డ కొసని నోట్లో కుక్కుకుంది. నెట్టీ ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కారు కదిలి మలుపు దాటింది.

తెల్లారి డబ్బా ఖాళీ. సీసా కూడా ఖాళీ.

ఆదివారం, చెల్లెల్ని చూసొస్తానని ఇంట్లో చెప్పి కొండవతలికి వెళ్లిన ఆర్డెల్లా, పాత చర్చి వెనక కొడుకు సమాధి మీద గడ్డి పీకుతూ, "మీ నాన్నకి దగ్గు తగ్గిందిరా ట్రాయ్, నీ పేరు మీద పెడితే ఉల్లిపాయతో సహా అంతా తింటున్నాడు" అంది.