తలుపు లేని గది

ఆవగింజంత నిజానికి గుమ్మడికాయంత అబద్ధం అంటుకట్టి చెబుతానని నా మీద పాత అపవాదు ఒకటుంది. ఈ కథ మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించానని తేలినా మీసం గొరిగించుకుంటాను.

ఆ ఇంటి యజమానిని వీధిలో అందరూ మేడాయన అనేవారు. ఆయన చేతిలో ఒక విద్య ఉంది. అద్దె ఎగ్గొట్టినవాణ్ణి కోర్టు మెట్లెక్కకుండా, చేయి చేసుకోకుండా సాగనంపే విద్య.

గది తలుపు ఊడదీయించడం.

"ఎవడొచ్చి అడిగినా మరమ్మతుకి తీయించానంటాను. నా తలుపు, నా మరమ్మతు. నడుమ వాడెవడు?" అనేవాడు.

ఈసారి వంతు వెనక గదిలో ఉన్న తాళాలాయనది. వీధి మొగలో గోనెపట్టా పరుచుకుని తాళాలు బాగుచేసే ముసలాయన. ఒంటి మనిషి.

రెండేళ్ళపాటు ఒకటో తారీఖు తెల్లారకముందే అద్దె తెచ్చి చేతిలో పెట్టాడు. అప్పుడు మేడాయన ఆయన్ని 'మీరు' అనేవాడు. నాలుగు నెలలుగా అద్దె ఆగిపోయింది. మర్యాదా దాంతోపాటే ఆగిపోయింది.

ముందు కుళాయి కట్టేశాడు. తాళాలాయన వీధి పంపు నుంచి బిందెతో మోసుకున్నాడు.

తర్వాత ఫ్యూజు పీకేశాడు. తాళాలాయన దీపం లేకుండా, ఫోను లేకుండా సర్దుకున్నాడు.

సోమవారం వడ్రంగి వచ్చాడు.

"శుక్రవారం దాకా ఆగండి," అన్నాడు తాళాలాయన. "మా కోడలు పసిబిడ్డతో వస్తోంది. వాళ్ళొచ్చి వెళ్ళాక పొమ్మనండి, మారుమాట్లాడకుండా పోతాను."

"అద్దెకి దిక్కు లేదు గానీ, నీకు చుట్టాల రాకపోకలు కూడానా?"

"మీతో ఒక మాట చెప్పాలండీ. ఆ పిల్ల వచ్చాకే చెబుదామని..."

"అద్దె మాటైతే ఇప్పుడే చెప్పు. తక్కినవి నీ తాళంకప్పలకు చెప్పుకో."

వడ్రంగి రెండు మరలు విప్పి ఆగాడు. "పెద్దాయన కదండీ. నాలుగు రోజులేగా అడుగుతున్నాడు."

"నీ కూలి ఆయనిస్తాడా, నేనిస్తానా?"

వడ్రంగి తల దించుకుని మూడో మర విప్పాడు.

తలుపు గోడవారకు చేరాక మేడాయన వీధికంతా వినబడేలా అన్నాడు. "తాళాల్లో ఘనుడివి కదా. వెయ్యవయ్యా ఈ గదికి తాళం, చూద్దాం."

వీధి నవ్వింది. తాళాలాయన కూడా కొద్దిగా నవ్వాడు. మేడాయనకు ఒళ్ళు మండింది ఆ నవ్వుకే.

తాళాలాయన గుమ్మానికి దుప్పటి కట్టుకున్నాడు. గురువారం పొద్దున మేడాయన దాన్నీ లాగేశాడు.

"దుప్పటి నీదే. మేకు దిగిన గోడ నాది."

మధ్యాహ్నానికి ట్రంకుపెట్టె, పనిముట్ల సంచి, కొత్తగా కొన్న ఒక పసిపిల్లల ఉయ్యాల వీధిలో పడ్డాయి. ఉయ్యాల కోడు ఒకటి విరిగింది.

"ఒక్క రోజే కదండీ," అన్నాడు తాళాలాయన, విరిగిన ముక్క ఏరుకుంటూ.

"ఆ ఒక్క రోజే బయట ఉండు. ఏం, కరిగిపోతావా?"

తాళాలాయన పెట్టె నెత్తికెత్తుకున్నాడు. ఉయ్యాల చంకన పెట్టుకున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా మేడాయన అరుగు మీద నిలబడి చూశాడు. ఆ పూట ఆయనకు అన్నం హితవుగా దిగింది.

శుక్రవారం పొద్దున ఇంటి ముందు బండి ఆగింది.

దిగింది మేడాయన ఒక్కగానొక్క కూతురు. భుజాన పసిబిడ్డ నిద్రపోతోంది.

ఆ ముఖం చూసి మూడేళ్ళయింది. నచ్చినవాణ్ణి చేసుకున్నానని కూతురు చెప్పిన రోజున, వాడెవడు, ఎవరి కొడుకు అని కూడా అడక్కుండా ఆయన గెంటేశాడు. కబుర్లు మోసుకొచ్చినవాళ్ళనీ గుమ్మం తొక్కనివ్వలేదు.

బిడ్డ ముఖం మీద చూపు ఒక్క క్షణం ఆగింది. అయినా అరుగు దిగలేదు.

"వాటా కోసమా? నీకిక్కడ పగిలిన పెంకు కూడా లేదు."

"నీ కోసం రాలేదు నాన్నా. మా మామగారి కోసం వచ్చాను."

"మీ మామగారు ఇక్కడెందుకుంటాడు?"

"వెనక గదిలో. తాళాలు బాగుచేస్తారు."

మేడాయన చూపు పెరటివైపు తిరిగింది.

"మీ నాన్న మనసు ఎప్పుడు మెత్తబడుతుందో దగ్గరుండి కనిపెడతానమ్మా అని ఇక్కడ అద్దెకు దిగారు. నా కాన్పు అడ్డం తిరిగింది నాన్నా. ఉన్నదంతా ఆసుపత్రికి పంపేశారు. అద్దె ఏం చేస్తారు మామయ్యా అంటే, మీ నాన్న మంచివాడేనమ్మా, ఆగుతాడులే అన్నారు."

ఆమె బిడ్డని భుజం మార్చుకుంది.

"శుక్రవారం బిడ్డని తీసుకురా, మీ నాన్న చేతుల్లో నేనే పెడతాను అని పోయిన వారం చెప్పారు. అప్పట్నించి ఫోను పలకడం లేదు."

మాట్లాడుతూనే ఆమె పెరటివైపు నడిచింది. అక్కడ ఆగిపోయింది.

"నాన్నా, ఈ గదికి తలుపేది?"

మేడాయన అరుగు మీంచి దూకాడు. కాళ్ళకు చెప్పులైనా లేకుండా, "బావగారూ, బావగారూ" అని అరుస్తూ వీధి చివరిదాకా పరుగెత్తాడు.

సరే, మంగలిని పిలవండి. ఆ పరుగు నేను కల్పించిందే.

ఆయన అరుగు దిగనే లేదు. "ఎటు పోయాడో నాకేం తెలుసు," అన్నాడు. మర్నాడు తలుపు బిగించి, గది ఇంకొకరికి అద్దెకిచ్చాడు.