ఆరని చెక్క

"సౌనాలోనా?" అన్నాడు తౌనో. "చెక్కని తీసుకెళ్ళి ఆవిరిస్నానం చేసే సౌనాలో ఆరబెట్టావా?"

ఆర్వో తలెత్తలేదు. బల్లకి బిగించిన బాస్ గిటార్ ఒంటిమీద సాండ్ పేపరు రుద్దుతూనే ఉన్నాడు.

"పై మెట్టుమీద పెట్టాను. నెలన్నర. సన్న సెగ."

"నెలన్నర పాటు మీ ఇంట్లో మనుషులు స్నానం ఎక్కడ చేశార్రా?"

"నేను సరస్సులో చేశాను."

"గడ్డకట్టిన సరస్సులో."

"కన్నం కొట్టుకున్నాగా."

తౌనోకి నవ్వొచ్చింది గాని పెదవి దాకా రాలేదు. నలభై ఏళ్ళు ఇద్దరూ ఒకే కోతమిల్లులో పనిచేశారు. పచ్చి చెక్క దగ్గర తొందర పనికిరాదని, అంగుళం మందానికి ఏడాది ఆరాలని, కొత్తగా చేరిన ప్రతివాడికీ పాఠం చెప్పినవాడు ఈ ఆర్వోనే. అలాంటివాడు, కూతురు సైమి పట్నంలో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన వారానికే, పెరట్లో చెట్టు కొట్టాడు.

అది మామూలు బిర్చ్ చెట్టు కాదు. లోపల తేనెరంగు చెక్కలో గోధుమరంగు మెలికలు, ఎవరో కాల్చిన పుల్లతో ఓపిగ్గా గీసినట్టు ఉంటాయి. కోస్తేగాని ఆ బొమ్మ ఎంత పడిందో తేలదు. ఆర్వో నాటిన ఇరవై చెట్లలో ఇప్పటిదాకా కోసినవాటిల్లో నిండుగా పడ్డది ఈ ఒక్కదానికే.

తౌనో జేబులోంచి తేమ మీటరు తీసి, మిగిలిన ముక్కలో దాని సూదులు గుచ్చాడు.

"పద్దెనిమిది శాతం," అన్నాడు. "ఎనిమిదికి దిగాలి. నీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు."

"మరి ఇదేమిటి?" తౌనో వేలు పెట్టి చూపించాడు. గిటార్ ఒంటికి కింది అంచున వెంట్రుకంత పగులు, మెలికల మధ్య నుంచి పాకుతోంది. "అసలు ఇంత పల్చగా ఎందుకు చెక్కావు? బాస్‌కి కండ ఉండాలి. మోత ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"తేలిగ్గా ఉండాలి."

బరువెత్తే ఓపిక లేనివాడు అలాగే అంటాడనుకున్నాడు తౌనో. ఆర్వో చొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. నడుం బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త కన్నాలు రెండు కనిపిస్తున్నాయి. వీడికి ఎక్కువ రోజులు లేవని తౌనోకి జనవరిలోనే తెలిసిపోయింది. ఎలా తెలిసిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

సైమి కాఫీ పట్టుకొచ్చింది. ఉన్ని టోపీ, తండ్రి పాత స్వెటరు. కప్పులు రెండే ఉన్నాయి.

"నీకేదమ్మా?"

"మానేశాను బాబాయ్. నేను కూడా తాగితే ఈ ఇంట్లో పడుకునేవాళ్ళు ఉండరు." స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీ బ్యాండు వాళ్ళేరీ?"

"వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. నాకన్నా బాగా వాయిస్తుందిట. సామాన్లు కూడా తనే మోసుకుంటుందిట."

"దీన్ని వాయిస్తావా మరి?"

సైమి గిటార్ వైపు చూసింది. మెలికల మీద వేలితో నెమ్మదిగా రాసింది. "నాన్న ఎప్పుడిస్తే అప్పుడు," అంది. కాసేపటికి లేచి ఎండలోకి వెళ్ళిపోయింది.

తలుపు పడ్డాక తౌనో గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, నా మాట విను. మా అటకమీద ఎనిమిదేళ్ళు ఆరిన పలక ఉంది. ఇదే జాతి. మా అల్లుడు అడిగితే కూడా ఇవ్వలేదు. తీసుకో. గిటార్ మెడ నేను చేస్తాను, మిగతాది నువ్వు చెయ్యి. అక్టోబరుకల్లా జీవితాంతం వాయించుకునే వస్తువు దాని చేతికిద్దాం."

"అక్టోబరు నాకొద్దు. మే నెలకి కావాలి."

"మేలో తీగలు బిగిస్తే ఆగస్టుకి మెడ మెలి తిరిగిపోతుందిరా."

"తిరగనీ."

తౌనో కప్పు కింద పెట్టాడు. చెక్క గురించి ఆ మాట ఆర్వో నోట వస్తుందని అతను కలలోనైనా అనుకోలేదు. ఇంక వాదించలేదు. చేతనైనంత సన్నగా జిగురు కలిపి, పగులులోకి ఎక్కించి, రెండు క్లాంపులు బిగించాడు. అది నిలవదని ఇద్దరికీ తెలుసు. బిగిస్తున్నంతసేపూ ఆర్వో పక్కన నిలబడి చూశాడు. థాంక్స్ చెప్పలేదు, ఎందుకన్నట్టూ చూడలేదు.

బయట మెట్లమీద సైమి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చూరు మీది మంచు కరిగి బొట్లుబొట్లుగా పడుతోంది. తౌనో పక్కన కూలబడ్డాడు.

"అమ్మాయ్, ఉన్నమాట చెప్తున్నాను. ఆ గిటారు పనికిరాదు. మోత సరిగా రాదు, తీగలు గీరుకుంటాయి."

"తెలుసు బాబాయ్."

"అయినా నువ్వు వాయించాలి. మొహం అలా పెట్టకుండా వాయించు. బాగా కుదిరిందని చెప్పు. ఆర్వోగాడు ఒక్కసారి వినాలి, అంతే. దానికోసమే ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నాడు."

"వాయిస్తాను. అందుకే మే అన్నాను నాన్నతో."

"నువ్వు అన్నావా?"

ఆమె తలూపింది. తౌనో తన బూట్లకేసి చూసుకున్నాడు. ఇన్ని నెలలు మోసిన మాట ఇప్పుడు దించకపోతే ఇంకెప్పుడూ దించలేననిపించింది.

"నా దగ్గర దాచక్కర్లేదమ్మా. కంటి పరీక్షకని పట్నం ఆసుపత్రికి వెళ్ళానా, అక్కడ కేన్సరు వార్డు బయట బెంచీమీద మీ నాన్నని చూశాను. వారం తర్వాత మళ్ళీ అదే బెంచీ. పలకరించడానికి కాళ్ళు రాలేదు. వాడికి ఎన్నాళ్ళు చెప్పారు?"

సైమి టోపీని చెవుల మీదికి లాక్కుంది. తౌనో చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆమె వేళ్ళు ఎండలో కూడా చల్లగా ఉన్నాయి.

"నాన్న అక్కడ కూర్చున్నది నాకోసం, బాబాయ్."