కోడిగూట్లో మీటింగు

పెరటికి కాపలా కాసే కుక్క గండయ్య, దొంగపిల్లి అనుకుని కోడిపెట్ట చుక్కమ్మ పిల్ల కాలు కొరికేశాడు. పెరడంతా గోల. దాంతో తనే ఒక సలహా కమిటీ వేసి, మీటింగు తన గుడిసెలో పెట్టాడు.

"ఎవరికైనా ఇబ్బందా?" అన్నాడు, గుమ్మానికి అడ్డంగా కూర్చుని, కోరలు కనిపించేలా.

"అబ్బే, మీరుండగా మాకేంటి బాబూ!" అంది మేక వెనక్కి జరుగుతూ.

చుక్కమ్మ ముందుకొచ్చింది. తను నోరు మూసుకుంటే రేపు ఇంకో పిల్ల కాలు పోతుంది. "చెబుతానయ్యా. కానీ ఇక్కడ కాదు, మా గూటికి రండి" అంది.

గండయ్య గుర్రుమన్నాడు. ఎవరూ కదల్లేదు. కమిటీ వేసింది తనే కదా, చివరికి లేవక తప్పలేదు.

గూటి తలుపు జానెడే. పొట్ట నేలకానించి, గడ్డం మట్టిలో పెడితేగానీ తల లోపలికి పట్టలేదు. ఎదురుగా కుంటుతూ కోడిపిల్ల.

"ఇప్పుడు చెప్పనా అయ్యా?"

"చెప్పమ్మా" అన్నాడు గండయ్య మెల్లగా.

బయటినుంచి మేక అరిచింది: "తర్వాత నాదీ ఒకటుంది!"