ఇసుక మీద మంచు

"డిసెంబర్ నుంచి ఇది నాలుగోసారి," అంటూ కృష్ణారావు తన ఫోన్‌ని టౌన్ హాల్ బల్ల మీద పెట్టాడు. "నాలుగూ మా ఇంటి ముందే జరిగాయి. మా ఆవిడ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మొన్న మంగళవారం స్కూల్ బస్సు జారి లోయ అంచున కమ్మీకి కొట్టుకుంది. అందులో పదకొండు మంది పిల్లలున్నారు. మా అమ్మాయి కూడా ఉంది."

రోడ్ల కమిటీ వాళ్ళు ముగ్గురూ ఫోన్‌లో ఫోటోలు చూశారు. గోడవార కుర్చీలో క్లైడ్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొలరాడో కొండల్లోని ఆ పల్లెలో ఇరవై ఆరేళ్ళుగా రోడ్ల మీద మంచు తోసి ఇసుక చల్లే బండి నడిపేది అతనే. ఇంకో పద్నాలుగు నెలలు గడిస్తే రిటైరవుతాడు. ఈలోగా తీసేస్తే పెన్షనూ ఉండదు, మంచాన పడ్డ భార్యకి ఇన్సూరెన్సూ ఉండదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. కృష్ణారావుకీ తెలుసు.

రెండేళ్ళ క్రితం కృష్ణారావు ఇర్వింగ్ నగరంలో ఇల్లు అమ్మేసి, వర్క్ ఫ్రం హోమ్ కదా అని, స్నేహితులకి ఫోటోలు పంపుకోవడానికి ఇక్కడ ఇల్లు కొన్నాడు. మలుపులో గట్టు మీద ఇల్లు. గుమ్మం దిగితే వాలు, వాలు దిగితే రోడ్డు. వచ్చిన వారానికే ఊళ్ళోవాళ్ళంతా మొద్దులని తేల్చేశాడు. తను పుట్టింది తుని పక్కన ఇంతకన్నా చిన్న ఊళ్ళో అని మాత్రం ఎప్పుడూ గుర్తు రాదు.

"నేను ఐదింటికల్లా ఆ మలుపు దాటతాను," అన్నాడు క్లైడ్ మెల్లగా. "రోడ్డు శుభ్రంగా గీకి, ఇసుక వేసి పోతాను. ఏడింటికి బస్సు వచ్చేసరికి ఆ ఇసుక మీద మంచు పేరుకుని ఉంటోంది. ఇసుక కింద కాదు, మీద. ఆకాశం నుంచి చుక్క పడని రోజు కూడా ఇంతే. మలుపుకి ఎగువన లేదు, దిగువన లేదు. ఎక్కడినుంచో నీళ్ళొస్తున్నాయి. వాళ్ళ పైపులు చూడనివ్వమని రెండుసార్లు అడిగాను."

"నా పైపులు ప్లంబర్ చూసి బాగున్నాయని రాసిచ్చాడు," అన్నాడు కృష్ణారావు. "పని చేతకాక నీళ్ళ మీద నెపం పెడుతున్నాడు. ఇరవై ఆరేళ్ళు చేసినంత మాత్రాన పని వచ్చినట్టేనా?"

"మీరు పొద్దున్నే ఆ రోడ్డు చూస్తుంటారా?" అని కమిటీ పెద్దావిడ అడిగింది.

"రోజూ చూస్తాను."

ఎనిమిదిన్నర దాటందే దుప్పటి తీసే మనిషి కాదు. అయినా ఆ ముక్క ఎంత ధీమాగా చెప్పాడంటే, పెద్దావిడ దాన్ని కాగితం మీద రాసుకుంది.

పిల్లల బస్సు అనేసరికి కమిటీకి ఇంకో దారి లేకపోయింది. "బండి తాళాలు ఇచ్చెయ్, క్లైడ్," అంది పెద్దావిడ అతని వంక చూడకుండా. క్లైడ్ తాళాలు బల్ల మీద పెట్టాడు. వెళ్ళబోతూ కృష్ణారావు దగ్గర ఆగాడు.

"పాపని చెయ్యి పట్టుకుని బస్సెక్కించండి. ఆ మంచు మళ్ళీ వస్తుంది."

కృష్ణారావు బల్ల మీది ఫోన్ తీసి జేబులో వేసుకున్నాడు. అలాంటివాళ్ళతో మాట్లాడటం తన స్థాయికి తక్కువ అనుకున్నాడు.

కార్‌లో అతని భార్య రాధారాణి కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆయన చెప్పింది నిజమేనేమోనండీ. నేను పడ్డ రోజు ఇసుకంతా మంచు అడుగున కనిపించింది. నా చేతికి ఒక్క రేణువు అంటలేదు. ఒకసారి చెక్ చేయిద్దామా?"

"మాస్టర్స్ చేసిన దానివి, స్కూల్ ఎగ్గొట్టిన డ్రైవర్ మాటకి తలూపుతున్నావు. నువ్వు కూడా ఆ జాబ్‌కి అప్లై చెయ్యి. వేకెన్సీ ఉందిగా ఇప్పుడు."

ఆమె మళ్ళీ మాట్లాడలేదు. పన్నెండేళ్ళ కాపురంలో ఆమెకి బాగా అలవాటైన పని అదే.

రాత్రి అన్నాల దగ్గర కృష్ణారావు తన విజయం గురించి తల్లికి వర్ణించి చెప్పాడు. బాలమణి ఆరు నెలలు ఉండి వెళ్దామని డిసెంబర్ మొదట్లో తుని నుంచి వచ్చింది.

"పాపం పెద్దాయన. ఇంట్లో రోగిష్టి మనిషి కూడా ఉందన్నావు కదరా," అందామె.

"పాపమేంటమ్మా? మన దగ్గరైతే ఎవడూ అడగడు. ఇక్కడ సిస్టమ్ ఉంది. ఎవడి నిర్లక్ష్యానికి వాడే బాధ్యుడు. వీళ్ళని ఇలా తగులుకుంటే గానీ దారికి రారు."

ఇర్వింగ్ స్నేహితుల గ్రూప్‌లో కూడా అదే రాసి పెట్టాడు. అందరూ మెచ్చుకున్నారు. సుఖంగా నిద్రపోయాడు.

మర్నాడు ఆ చలికాలంలో మొదటిసారి ఏడింటికి ముందే లేచాడు. పక్క ఊరి నుంచి పిలిపించిన కొత్త డ్రైవర్ పనితనం ఫోటో తీసి, కమిటీకి థాంక్స్ చెబుతూ పంపాలని అతని ఆలోచన. కిటికీ తెర తీశాడు. తెలవారుతున్న వెలుగులో రోడ్డు నున్నగా మెరుస్తోంది. గుమ్మం దగ్గర కూతురు నిధి బస్సు కోసం బూట్లు వేసుకుంటోంది.

"చూశావా అమ్మా, వీడు రోడ్డు ఎలా తుడిచాడో? పనంటే అదీ," అన్నాడు ఫోన్ తీస్తూ.

బాలమణి శాలువా మడిచి కుర్చీకి వేసి, పొయ్యి మీద పాలు పెట్టింది.

"ఏమోరా, నాకు ఆ పాతాయన బండి చప్పుడుకే మెలకువొచ్చేది. అది అటెళ్ళగానే లేచేదాన్ని. ఇవాళ ఆలస్యమైపోయింది. అయినా పొయ్యి వెలిగించే ముందు చెయ్యాల్సింది మానలేదులే."

"ఏంటది?" అన్నాడు కృష్ణారావు ఫోటో సరిచూసుకుంటూ.

"రోజూలాగే వాకిట్లో రెండు బకెట్ల కళ్ళాపి చల్లేశాను."