ఒకెలో వాళ్లమ్మ

“మా అమ్మ ఎవర్నీ దగ్గరికి రానివ్వట్లేదు సార్. కరుస్తోంది,” అన్నాడు ఒకెలో, మందుల గది కిటికీ ఊచలు పట్టుకుని. చేపల పడవ దిగి తిన్నగా వచ్చినట్టున్నాడు, లాగు ఇంకా తడిగానే ఉంది.

నర్సు ఓబుయాకి అప్పటికే ఊపిరి సలపడం లేదు. పొద్దున జనాన్ని ఎక్కించుకొస్తున్న మటాటు బండి బోల్తా పడి, అత్యవసర విభాగం నిండా దెబ్బలు తగిలినవాళ్లే. ఏ అరుపు ఎవరిదో తెలిసే దారి లేదు. ఒకెలో వాళ్లమ్మకి గట్టు మీంచి జారి పడి చెయ్యి విరిగిందట, ముట్టుకోబోతే తంతోందట. పేరు రసోవా అని రాసుకున్నాడు. వయసు అడగనేలేదు. పల్లెటూరి ముసలమ్మలు ఏ ఏడు పుట్టారో ఎవరికి తెలిసి చచ్చింది?

పక్క గదిలో ఎవరి తలకో కుట్లేస్తున్న డాక్టరుకి, ఒకతని తల్లి వీరంగం వేస్తోందని చెప్పాడు. ఆయన తలెత్తకుండానే మత్తుమందు పూర్తి మోతాదు ఇచ్చెయ్యమన్నాడు. ఓబుయా సిరంజి నింపాడు.

ఇంతలో ఒకెలో మళ్లీ పరిగెత్తుకొచ్చాడు. అక్కడ మంచం దగ్గరున్న పెరెస్ సిస్టర్ పది నిమిషాలు ఆగమందట. ఆవిడకేం, తన్నులు తినేది మనం కదా అని ఓబుయా లోపలే గొణుక్కున్నాడు.

“అమ్మ తప్ప నాకెవరూ లేరు సార్. మత్తిస్తే మళ్లీ లేస్తుందా?”

“లేవక ఏం చేస్తుందయ్యా?”

ఒకెలోకి కాలు నిలవలేదు. అటూ ఇటూ తిరుగుతూ అక్కడి సంగతులు మోసుకొచ్చాడు. పెరెస్ చుట్టూ మూగినవాళ్లందర్నీ బయటికి తోలేసిందట. నేల మీద చతికిలబడి, చేతి జోలికే పోకుండా, ఇక్కడ కూర్చోవచ్చా అత్తగారూ అని అడిగిందట. ఒక కసురు కసిరాక, సరేనన్న జవాబు వచ్చిందట. ముందు పెరెస్ తన చేతికే ఆ అత్తగారి చేత కట్టు కట్టించుకుందట. ముసలి చాదస్తాన్ని ఇంత గారం చెయ్యాలా అని ఓబుయాకి ఒళ్లు మండింది.

కాసేపటికి ఒకెలో కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

“చెయ్యి చాపింది సార్. కట్టు కట్టించుకుంటోంది.”

ఓబుయా మనసు కుదుటపడింది. అయినా ఎందుకైనా మంచిదని సిరంజి పట్టుకునే వెళ్లి తెర తొలగించాడు.

మంచం మీద, నాయనమ్మ పేరు పెట్టుకున్న ఒకెలో కూతురు, నాలుగేళ్ల రసోవా కూర్చుని ఉంది.